మొదటి విడతలో గంగులు

ఏడుగురు కాపలావాళ్లు రెప్ప వేయకుండా చూస్తుండగా, పట్టపగలు, టిఫిన్ల వేళ, సముద్రపు దొంగలు నిచ్చెన వేసుకుని ‘సాగర సౌభాగ్య’ ఓడ ఎక్కారు. కాపలావాళ్లలో ఒక్కడూ కేక వేయలేదు. గంట కొట్టలేదు. కనీసం తల తిప్పి చూడలేదు. తర్వాత జరిగిన విచారణలో ఈ సంగతిని వాళ్ల నిబ్బరానికి నిదర్శనంగా రాసుకున్నారు గాని, ఓడ సరంగు సూరాడ దండాసికి అసలు కారణం తెలుసు. ఆ ఏడుగురినీ గోనెసంచుల్లో గడ్డి కుక్కి, దబ్బనంతో కుట్టింది అతనే.

దండాసి ఈ పని సరదాకి చెయ్యలేదు. పైనుంచి వచ్చిన రూలు అలాంటిది.

ఆ ఏడాది నౌకారక్షణ సంచాలక కార్యాలయం వారు ఏసీ హాల్లో రెండు రోజుల సదస్సు పెట్టారు. మాట్లాడిన ఎనిమిది మందిలో ఓడ ఎక్కిన అనుభవం ఒక్కాయనకే ఉంది. ఆయన కూడా ఓడ కదలకముందే కడుపులో తిప్పి దిగిపోయాడు. అయినా రెండో రోజు మధ్యాహ్న భోజనం నాటికి ఒక గొప్ప సత్యం తేలింది. డెక్ మీద మనుషులు కనిపిస్తే దొంగలు ఆ ఓడ జోలికి రారట. వారం తిరక్కుండా సర్క్యులర్ దిగింది. ‘ప్రతి నౌక పైతట్టున కనీసం ఏడుగురు కాపలాదారులు అహోరాత్రములు దర్శనమిచ్చునట్లు తగు ఏర్పాట్లు గావించవలెను.’

‘సాగర సౌభాగ్య’లో మొత్తం మనుషులు పన్నెండు మంది. అందులో ఏడుగురు రెయిలింగు పట్టుకుని నిలబడితే, మిగిలిన ఐదుగురూ ఓడ నడపాలి, వండాలి, తుప్పు గీకాలి, వీలుంటే పడుకోవాలి. ఓడ యజమానులు సర్క్యులర్‌ను నాలుగుసార్లు చదివారు. దర్శనమివ్వాలని ఉంది గాని ఊపిరి తీయాలని ఎక్కడా లేదు. సరంగు అంటే డెక్ మీద కళాసీలకు పెద్ద కాబట్టి పని దండాసి నెత్తిన పడింది. పాత డ్రెస్సులు, గోనెసంచులు, గడ్డి మోపులు స్టోరు నుంచి వచ్చాయి. ‘రక్షణ ప్రతిమలు – ఏడు’ అని స్టోరు పుస్తకంలో రాసి దండాసి చేత సంతకం పెట్టించుకున్నారు. ఆ సంతకాన్ని కాస్త గుర్తుపెట్టుకోవాలి.

బొమ్మలకు కళ్లూ మూతీ బొగ్గుతో గీసింది ఓడ వంటాయన కారి లచ్చయ్య. లచ్చయ్య దండాసికి స్వయానా బావ. అంటే దండాసి భార్యకు అన్న. యాభై ఎనిమిదేళ్ల మనిషి, కాళ్ల వాపు, నోటి నిండా నవ్వు. ఏం గీసినా మూతి కొంచెం నవ్వుతున్నట్టే వచ్చేది.

ఓడ రేవు వదిలేముందు సంచాలక కార్యాలయం నుంచి తనిఖీ అధికారి వచ్చాడు. డెక్ మీద తలలు లెక్కపెట్టాడు. పందొమ్మిది. సిబ్బంది జాబితా తీశాడు. పన్నెండు.

“ఏడుగురు జాబితాలో లేకుండా ప్రయాణం చేస్తున్నారు. ఇది తీవ్రమైన ఉల్లంఘన,” అన్నాడు.

“అయ్యి బొమ్మలండి బాబూ,” అన్నాడు దండాసి.

“కాపలా కాస్తున్నాయా లేదా?”

“కాస్తన్నాయండి.”

“కాపలా కాసేవారి పేర్లు జాబితాలో ఉండాలి. బొమ్మలకు మినహాయింపు ఎక్కడుందో చూపించు.”

ఎక్కడా లేదు. ఓడ ఆగిపోయేలా ఉంది. అప్పుడు లచ్చయ్య ముందుకొచ్చి, తన పెళ్లి భోజనంలో వంక పెట్టిన ఏడుగురి పేర్లు గుక్క తిప్పుకోకుండా చెప్పేశాడు. ముప్పై ఏళ్లయినా మరిచిపోలేదు. పులుసులో ఉప్పు చాల్లేదన్న గంగులు పేరు అందరికన్నా ముందు. పేర్లు జాబితాలో ఎక్కాయి, పెయింటుతో బొమ్మల ఛాతీ మీదా ఎక్కాయి. అధికారి సంతృప్తిగా ఓడ దిగాడు.

ఆ గంగులూ, అతని ఆరుగురు సహచరులూ చూస్తుండగానే పదిహేనో రోజున దొంగలు వచ్చారు.

దొంగల నాయకుడు బక్కపలచని మనిషి. పన్ను నొప్పితో ఒక దవడ ఎప్పుడూ పట్టుకుని ఉండేవాడు. ఎక్కగానే సిబ్బంది జాబితా లాక్కుని మనుషుల్ని లెక్కపెట్టాడు. ఏడుగురు తక్కువ. ఎక్కడో దాక్కున్నారని తుపాకీ తీసి కెప్టెన్ గుండెకు ఆనించాడు. దండాసి చేతులు పైకెత్తి, వాళ్లను రెయిలింగు దగ్గరికి తీసుకెళ్లి గంగుల్ని చూపించాడు. నాయకుడు గంగులు ఛాతీ మీద పేరు చదివాడు, జాబితాలో చూశాడు. రెండో బొమ్మ, మూడో బొమ్మ, ఏడో బొమ్మ. అన్నీ సరిపోయాయి. తుపాకీ పక్కన పెట్టి, దవడ పట్టుకుని, డెక్ మీద చతికిలబడి నవ్వాడు. నవ్వితే పన్ను సలిపి ఏడ్చాడు. లచ్చయ్య వంటగదిలోంచి లవంగం తెచ్చి ఇచ్చాడు.

ఓడను ఎక్కడో ఊరూ పేరూ లేని తీరానికి తీసుకెళ్లి లంగరేశారు. సంచాలక కార్యాలయానికి కబురు పోయింది. అక్కడ బందీల వ్యవహారాలు చూసే ఉప సంచాలకులు వేదాంతం పట్టాభిరామయ్య గారు వెంటనే రంగంలోకి దిగారు. దిగి ఒక పట్టిక తయారు చేశారు.

దాని పేరు బందీల సంక్షేమ వారపు పట్టిక. ప్రతి సోమవారం కెప్టెన్ దాన్ని నింపి, దొంగల ఫోన్ నుంచి పంపాలి. భోజనం చేయుచున్నవారు ఎందరు, చేయనివారు ఎందరు, నిద్రించుచున్నవారు, నిద్రించనివారు, మాట్లాడుచున్నవారు, మాట్లాడనివారు. మొత్తం పందొమ్మిది రాకపోతే పట్టిక తిరిగొచ్చేది. పన్నెండని నింపితే రెండుసార్లు తిరిగొచ్చింది. నిజాయితీపరుడైన కెప్టెన్ చివరికి నిజమే రాశాడు. భోజనం చేయుచున్నవారు పన్నెండు, చేయనివారు ఏడు. నిద్ర పోనివారు ఏడు. మాట్లాడనివారు ఏడు.

పదహారు వారాలు ఈ ఏడు మారలేదు. పట్టాభిరామయ్య గారికి ముచ్చెమటలు పోశాయి. ఏడుగురు నావికులు నాలుగు నెలలుగా మెతుకు ముట్టలేదు, కన్ను మూయలేదు, నోరు విప్పలేదు. ఈ సంగతి పత్రికలకు పొక్కితే ఏమవుతుంది? ఆయన చర్చల్లో బల్ల గుద్దారు. మానవతా దృక్పథంతో ఆ ఏడుగురినీ మొదటి విడతలో వదిలిపెట్టి తీరాలన్నారు.

దొంగల నాయకుడు ఉత్తరం చదివి కెప్టెన్ని పిలిచాడు. “ఈ పేర్లేనా? మళ్లీ ఒకసారి అడుగు.” అడిగారు. అవే పేర్లు. “ఇంకోసారి అడుగు. నా మనసు ఒప్పడం లేదు,” అన్నాడు నాయకుడు. మూడోసారి కార్యాలయం నుంచి కోపంగా సమాధానం వచ్చింది. ‘పేర్ల విషయంలో రాజీపడు ప్రసక్తి లేదు. సదరు ఏడుగురూ మంచం పట్టియుందురు గావున, వారిని మోసుకువచ్చుటకై యాభై ఏళ్ల లోపు దృఢకాయుడైన సహాయకుని ఒకరిని వెంట పంపవలెను.’

కెప్టెన్ లచ్చయ్యను పంపాలని చూశాడు. వాపు మోకాళ్ల దాకా ఎక్కింది, రాత్రుళ్లు ఆయాసపడుతున్నాడు. కానీ లచ్చయ్యకు యాభై ఎనిమిది. దృఢకాయుడు కూడా కాడు. పన్నెండు మందిలో ఈ రెండు షరతులకూ సరిపోయినవాడు దండాసి ఒక్కడే.

“నానెల్లను బావా,” అన్నాడు దండాసి. “నిన్నొగ్గీసి ఏ మొకం పెట్టుకుని ఎల్తాను?”

“ఎల్లకపోతే గంగుల్ని ఎవడు మోస్తాడు?” అని నవ్వాడు లచ్చయ్య. తర్వాత నవ్వు ఆపి, అతని భుజం పట్టుకున్నాడు. “ఎల్లు. ఎల్లి మమ్మల్ని ఈడ్నుంచి పీక్కురా. నాకు శానా రోజుల్లేవురా. మీ అక్క నూకాలమ్మకి సెప్పకు గాని, నీకు సెప్తున్నాను.”

దండాసి ఏడు బొమ్మలనీ పడవలోకి దించాడు. వానకు తడిసి ఒక్కోటీ మనిషంత బరువుంది. తిరిగి చూస్తే పదకొండు మంది రెయిలింగు పట్టుకుని నిలబడి ఉన్నారు. దూరం నుంచి చూస్తే, నిజం చెప్పాలంటే, అచ్చు బొమ్మల్లాగే ఉన్నారు. దండాసికి దుఃఖం ఆగలేదు.

రేవులో బ్యాండు మేళం, ఏడు అంబులెన్సులు, ఏడు గజమాలలు సిద్ధంగా ఉన్నాయి. దండాసి పేరు కార్యక్రమంలో లేదు కాబట్టి అతనికి మాల లేదు. పట్టాభిరామయ్య గారు పడవ దగ్గరికి వచ్చి, గంగుల్ని చూసి, ఒక్క క్షణం ఆగారు. వెనక కెమెరాలున్నాయి. ఆయన మాల తీసి గంగులు మెడలో వేశారు. బ్యాండు వాయించింది.

జనాన్ని తోసుకుంటూ లచ్చయ్య భార్య నూకాలమ్మ వచ్చింది. “తమ్ముడూ, మీ బావేడ్రా?”

దండాసి తల వంచుకున్నాడు. “రెండో ఇడతలో వొస్తాడక్కా.”

“మరి మైకులో గంగులొచ్చినాడు, గంగులొచ్చినాడు అంతన్నారేటి? గంగులు పాలెంలోనే ఉన్నాడు కదా! నిన్న సేపల యాలంలో నాతో దెబ్బలాడినాడు.”

దండాసి గంగుల్ని చూపించాడు. నూకాలమ్మ ఆ గోనెసంచి మొహాన్ని చాలాసేపు చూసింది. ఆ బొగ్గు నవ్వు ఎవరు గీసిందో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. చెంగు నోట్లో కుక్కుకుంది.

మర్నాడు దండాసి ఉప సంచాలకుల గదికి వెళ్లి, చేతులు కట్టుకుని, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. అవి బొమ్మలు, మనుషులు పదకొండు మంది అక్కడే ఉన్నారు, వాళ్లలో ఒకాయన ప్రాణం మీదికొచ్చింది.

పట్టాభిరామయ్య గారు లేచి తలుపు మూసి వచ్చారు.

“దండాసీ, నాకు కళ్లు లేవనుకున్నావా? గడ్డి కనిపించింది. మాల వేస్తుంటే చేతికి గుచ్చుకుంది కూడా. కానీ ఫైల్లో వాళ్లు సిబ్బంది. అవి బొమ్మలని నేను రాస్తే, బొమ్మల్ని విడిపించడానికి ఈ కార్యాలయం నాలుగు నెలలు అంతర్జాతీయ స్థాయిలో చర్చలు జరిపినట్టు అవుతుంది. బాగుంటుందా?”

“బాగోదండి. మరి మా వోళ్ల సంగతేటి బాబూ?”

“వారిది రెండో విడత. రెండో విడత కదలాలంటే మొదటి విడత వారి వాంగ్మూలాలు ఫైలుకు జతపరచాలి. ఆ ఏడుగురూ వాంగ్మూలం ఇచ్చిన మరుక్షణం నేను సంతకం పెడతాను. నాకేం పగా?”

ఇది విన్నాక దండాసి కోపంతో ఊగిపోయాడని రాస్తే బాగుండును. ఊగిపోలేదు. ఇరవై ఏళ్లు ఓడల మీద పని చేసినవాడు, రూలు ముందు కోపం ఎందుకూ పనికిరాదని తెలిసినవాడు. వాంగ్మూలాలు ఇప్పించే పనిలో పడ్డాడు.

కార్యాలయం వారి అతిథి గృహంలో ఏడు మంచాలు వేసి, ఏడు తెల్లదుప్పట్లు కప్పి, గుమ్మం దగ్గర ఒక నర్సును కూర్చోబెట్టారు. రోజూ పదకొండింటికి గుమాస్తా వచ్చి గంగులు పక్కన కుర్చీ వేసుకుని, “దొంగలు ఏ దిక్కు నుండి వచ్చిరి?” అని అడిగేవాడు. ఐదు నిమిషాలు ఆగి ‘బదులు పలుకలేదు’ అని రాసుకుని, పక్క మంచానికి జరిగేవాడు. రెండు వారాల తర్వాత మనోవైద్యురాలిని పిలిపించారు. ఆమె గంగుల్ని శ్రద్ధగా పరీక్షించి, ‘ముఖమున చెదరని చిరునవ్వు. అంతరంగమున తీవ్ర వేదన. ఆరు మాసముల విశ్రాంతి అవసరము’ అని నివేదిక ఇచ్చింది. తప్పేముంది, ఆమెను అడిగింది ఆ మంచం మీద ఉన్నవారి మనసు గురించి. ఒళ్లు గురించి అడగలేదు.

ఆరు నెలలు! దండాసి అంత ఆగలేకపోయాడు. వాంగ్మూలాలన్నీ తానే చెప్పి రాయించి, గంగులు చేతి తొడుగును సిరాలో ముంచి వేలిముద్రలు వేయించాడు. కాగితాలు లోపలికి వెళ్లి నాలుగు రోజుల్లో తిరిగొచ్చాయి. ఏడుగురి వేలిముద్రలూ ఒక్కలాగే ఉన్నాయట, అందులో గీతలు అసలే లేవట. ఇటువంటి అరుదైన విషయాన్ని నిపుణుల పరిశీలనకు పంపారు.

ఈలోగా నూకాలమ్మ చేపల బుట్ట ఇంట్లో పెట్టేసి రోజూ కార్యాలయం మెట్ల మీద కూర్చోవడం మొదలుపెట్టింది. ఒక రోజు పట్టాభిరామయ్య గారు కారెక్కుతుంటే అడ్డం నిలబడింది.

“బాబూ, అన్నం తిననోళ్లని ముందు రప్పించినారంట కదా. మా ఆయన్ని కూడా తినొద్దని సెప్పమంతావా? ఫోను కలుపు, నానే సెప్తాను.”

“అమ్మా, నిరాహారుల కోటా మొదటి విడతతో పూర్తయింది,” అన్నారాయన ఎంతో మృదువుగా. “పైగా ఈ వారం పట్టికలో పదకొండుగురూ భోజనం చేయుచున్నారని ఉంది. అది సంతోషించవలసిన విషయం.”

“ఏటి తింతన్నాడు బాబూ? ఎంత తింతన్నాడు?”

“ఆ గడి పట్టికలో లేదమ్మా.”

దొంగలు ఓడ పట్టి ఏడు నెలలు నిండిన రోజుల్లో దండాసి ఇంటికి ఒక నోటీసు వచ్చింది. ‘మీరు సంతకముపై తీసుకొన్న రక్షణ ప్రతిమలు ఏడింటిని ఇంతవరకు స్టోరుకు అప్పగించనందున, మీపై చర్య ఏల తీసుకొనరాదో సంజాయిషీ ఇవ్వవలెను.’

దండాసికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నోటీసు పట్టుకుని రైలు పట్టాల పక్కనున్న గోడౌనుకు వెళ్లాడు. స్టోర్ కీపరు గొర్లె సత్యం ఇరవై ఆరేళ్లుగా అక్కడే ఉన్నాడు. గుండుసూది ఇచ్చినా వెనక్కి రాబట్టే మనిషని పేరు.

“ఆ బొమ్మలు అతిథి గృహంలోనే ఉన్నాయి కదండి బాబూ. ఊరంతా సూసింది.”

“నానూ ఎల్లాను,” అన్నాడు సత్యం కళ్లజోడు తుడుచుకుంటూ. “నర్సమ్మ గుమ్మంలోనే ఆపీసింది. పేషంట్లంట, ముట్టుకోకూడదంట. పేషంట్లయితే నా సరుకు కాదు. మరి నా సరుకు ఎక్కడుండాలి? ఓడలోనే ఉండాలి. అవునా కాదా?”

“ఓడలో ఉన్నయ్యి మీరు తెప్పించగలరేటి?”

“నడి సముద్రంలో ఉన్నా తెప్పిస్తాను. నలభై ఒకటో రూలు. స్టోరు సామాను ఎవరి చేతిలో ఉన్నా ముప్పై రోజుల్లో వెనక్కి రావాలి. పడవ కిరాయి ముందే కట్టీస్తాం, ఏజెంటు ఉన్నాడు, ఎవరి సంతకాలూ అక్కర్లేదు.”

“మనుసుల్ని తేలేరా బాబూ?”

“మనుషులు నా సెక్షను కాదు,” అన్నాడు సత్యం.

దండాసి నోటీసు మడిచాడు. గోడౌనులో ఎలుక ఒకటి సంచుల మధ్య పరుగెత్తింది. నోటీసు జేబులో పెట్టుకుని అన్నాడు.

“ఏడు కాదండి. పదకొండు.”

“సంతకం ఏడుకే ఉందే!”

“దార్లో నాలుగు కుట్టినాం బాబూ. గడ్డి మిగిలిపోనాది.”

ఇరవై ఆరేళ్లలో సత్యం తక్కువ వచ్చిన సరుకే చూశాడు గాని ఎక్కువ వచ్చిన సరుకు చూడలేదు. కొత్త ఫారం తీశాడు. ఒక్కో బొమ్మకూ గుర్తింపు చిహ్నాలు చెప్పమన్నాడు. దండాసి చెప్పుకుంటూ పోయాడు. ఒకటి పొడుగు, తెల్ల చొక్కా, కెప్టెన్ టోపీ. ఒకటి ఎడమ చేతికి రెండు వేళ్లు లేవు. చివరిదాని దగ్గర ఆగాడు.

“ముసిలిది. తెల్ల జుత్తు. వంటోడి గుడ్డ కట్టుంటాది. కాళ్లు...” తన కాళ్ల వైపు చూసుకున్నాడు. “కాళ్లు వాసిపోయుంటాయి.”

సత్యం కళ్లజోడు మీదుగా చూశాడు. “గడ్డి బొమ్మకి కాళ్లు వాస్తాయేటి?”

“తడిసిపోతే ఉబ్బుతాయి బాబూ.”

సత్యం కలం పట్టుకుని అతని మొహంలోకి చాలాసేపు చూశాడు. బయట గూడ్సు బండి ఒకటి పూర్తిగా వెళ్లిపోయింది. తర్వాత తల వంచుకుని, ‘తేమ వలన ఉబ్బినవి’ అని రాశాడు. దాని కింద ఎవరూ అడక్కుండానే ఇంకో ముక్క చేర్చాడు. ‘పెట్టెలలో బిగించరాదు. గాలి తగులునట్లు, నీడపట్టున, సుతారముగా తేవలెను.’

సత్యం పంపిన ఉత్తరం ఓడకు అందిన రోజు ఏం జరిగిందో తర్వాత కెప్టెన్ చెప్పాడు. దొంగల నాయకుడు దాన్ని రెండుసార్లు చదివాడు. “పదకొండు గడ్డి బొమ్మలు పంపమంటున్నారు. నా దగ్గర ఒక్కటి కూడా లేదే. ఉన్నవన్నీ అప్పుడే పంపేశాను కదా?” అన్నాడు.  నీడలో కాళ్లు చాపుకుని కూర్చున్న లచ్చయ్య వైపు చూశాడు కెప్టెన్, అంతే. నాయకుడు గుర్తింపు చిహ్నాలున్న కాగితం మళ్లీ తీశాడు. తెల్ల జుత్తు, ఉబ్బిన కాళ్లు.

పాపం, అతను మాత్రం ఏం చేస్తాడు? ఓడ నిండా ఉన్నది ఉప్పు. కొనేవాడు లేడు. ఇంజను చెడిపోయింది. రెండో విడత గురించి ఎన్ని ఉత్తరాలు రాసినా ‘పరిశీలనలో ఉన్నది’ అనే జవాబే. పదకొండు మందికి తిండి పెట్టలేక అతని మనుషులు సగం మంది వెళ్లిపోయారు. ఇక్కడ పడవ కిరాయి ముందే వచ్చి కూర్చుంది.

“మీ ఆఫీసు మొత్తం మీద పని జరిగేది ఈ ఒక్క సెక్షన్లోనే అనుకుంటాను,” అన్నాడు. లచ్చయ్యను తనే చెయ్యిచ్చి పడవలోకి దించాడు. మిగిలిన లవంగాలు ఇచ్చి వెళ్లమన్నాడు.

సామాను ఇరవై ఏడో రోజు సాయంత్రం నాలుగింటికి గోడౌనుకు చేరింది. బ్యాండు లేదు, అంబులెన్సులు లేవు, కెమెరాలు లేవు. లారీలోంచి పదకొండు మంది దిగి గోడ వారగా నిలబడ్డారు. దండాసి దారిలోనే కబురంపాడు, ఎవరూ నోరు విప్పకూడదని. గేటు అవతల నూకాలమ్మ ఇనుప చువ్వలు పట్టుకుని నిలబడింది. ఏమైనా సరే అరవకూడదని ఆమె చేత కూడా ఒట్టు వేయించాడు.

సత్యం పుస్తకం పట్టుకుని ఒక్కొక్కరి ముందూ ఆగాడు. తల ఒకటి, చేతులు రెండు, కాళ్లు రెండు. టిక్కు పెట్టుకుంటూ చివరికి లచ్చయ్య ముందుకొచ్చాడు. ఎనిమిది నెలల్లో లచ్చయ్య సగమైపోయాడు. ఒక్క కాళ్లే మిగిలాయి. మూతి మీద ఆ నవ్వు మాత్రం అలాగే ఉంది. నిశ్చలంగా నిలబడాలని ఊపిరి బిగబట్టాడు. సరిగ్గా అప్పుడే అతని కళ్లు గేటు మీద పడ్డాయి.

నూకాలమ్మ అరవలేదు. ఒట్టు నిలబెట్టుకుంది. లచ్చయ్య కూడా కదల్లేదు. కానీ కళ్లలోంచి నీళ్లు ధారగా కారి, గడ్డంలోకి ఇంకి, చొక్కా తడిపేశాయి. ఆపడం అతని తరం కాలేదు. పక్కనున్న దండాసి సత్యం కలం వైపే చూశాడు. ఇప్పుడు గనక మనుషులని రాస్తే, మనుషులు సత్యం సెక్షను కాదు. ఫైలు పట్టాభిరామయ్య గారి దగ్గరికి పోతుంది.

సత్యం కళ్లజోడు తీశాడు, తుడుచుకున్నాడు, పెట్టుకున్నాడు. పుస్తకంలో నెమ్మదిగా, పైకి చదువుతూ రాశాడు.

“నీరు... కారుచున్నది. నిల్వకు... పనికిరాదు.”

మిగతా పది మందినీ ఇంకొకసారి చూశాడు. వాళ్లలో ఒక్కరి మొహమూ పొడిగా లేదు. సత్యం ఆ పది వరసల్లోనూ ‘పైదే’ అని గుర్తు పెట్టుకుంటూ వెళ్లాడు.

“పదకొండూ పాడైనవే. పాడైన సరుకు నా గోడౌన్లో ఉంచను. ఎవరైనా తీసుకుపోతే నాకు చోటు కలిసొస్తాది,” అన్నాడు గోడ వైపు తిరిగి. “గేటు దగ్గర రసీదు ఇచ్చి పట్టుకుపొండి.”

గేటు కాపలాదారు రసీదు పుస్తకం తెరిచి, మిగిలిన పదింటికీ దండాసి చేత సంతకం పెట్టించుకున్నాడు. ‘పనికిరాని సామాను ఒకటి, ముట్టినది’ అని చదివి, నూకాలమ్మ చేత వేలిముద్ర వేయించాడు. ఆ వేలిముద్ర నిండా గీతలున్నాయి.

“ముట్టినాది బాబూ,” అంది నూకాలమ్మ, లచ్చయ్య చెయ్యి పట్టుకుని. “ముట్టినాది.” ఒట్టు అక్కడితో తీరిపోయినట్టుంది, అప్పుడు ఏడ్చింది, నోరారా.

లచ్చయ్యను అక్కడి నుంచి తిన్నగా ఆసుపత్రికే తీసుకెళ్లారు. ఇరవై రోజుల మందులకు ఆయాసం తగ్గి, వాపు చీలమండల దాకా దిగాక ఇంటికి పంపారు. ఆ ఆదివారం నూకాలమ్మ చందువా చేపల పులుసు పెట్టింది. దండాసి కూడా పక్కనే కూర్చుని తింటున్నాడు.

“అది సరే గాని, లెక్క ప్రకారం మేవిప్పుడు ఎక్కడున్నాంరా?” అన్నాడు లచ్చయ్య.

“ఓడలోనే బావా. రెండో ఇడత కోసం ఎదురు సూస్తన్నారు.”

“గంగులు?”

“ఆయనకి ధైర్యసాహసాల బహుమతిస్తారంట. లేసి నడిసిన రోజున.”

లచ్చయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. “మరి ఆ సోమవారం పట్టిక? కెప్టెనే ఈడుంటే దాన్ని ఎవులు నింపుతున్నారు?”

“కాయితం రాకపోతే ఫైలు ఆగిపోతాదని ఆపీసోళ్లే నింపుకుంటన్నారు. ఏం మార్చలేదు. పదకొండుగురూ బోజనం సేయుచున్నారు, అని.”

లచ్చయ్య కలుపుతున్న ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

“పోనీలే. ఇన్నాళ్లకి ఒక ముక్క నిజం రాసినారు,” అని, కంచం నూకాలమ్మ వైపు జరిపాడు. “ఇంకో గరిటెడు పులుసెయ్యే.”